వక్రఘోణుడి దొడ్లో పదిహేడు మూగజీవాలు

వెండినీళ్ళు పోసినట్టు తళతళలాడే శిఖరాలు, ఆ శిఖరాల నడుమ మేఘాలు మందలుగా మేసే లోయలు, లోయల అడుగున కదలిక మరిచి స్ఫటికమైపోయిన సెలయేళ్ళు, వాటి గట్ల మీద మంచు బరువుకు తలలు వంచి నిలిచిన దేవదారు వనాలు! పుష్యమాసంలో ధూమ్రగిరిని చూసినవాడు కవి కాక తప్పదని తుహినవతీ రాజ్యంలోని పండితులు అంటారు. ఆ పండితులలో ఒక్కడూ పుష్యమాసంలో ధూమ్రగిరి ఎక్కిన పాపాన పోలేదు. ఎక్కుతున్న గంగులుకు మాత్రం ఆ ఉదయం కవిత్వం రాలేదు, జలుబు వచ్చింది.

గంగులు అసలు గొర్రెల కాపరి, ఇరవై నాలుగేళ్ళవాడు. ఈవేళ మాత్రం డెబ్బై ఏళ్ళ పశువైద్యుడు. నడుము వంచి, చేతికర్ర పట్టి, మేకవెంట్రుకలతో అల్లిన తెల్లగడ్డం ఒకటి తుమ్మజిగురుతో అంటించుకున్నాడు. భుజాన ఒక గొంగడి ఉంది. ఎముకలు కొరికే ఆ చలిలో కూడా దాన్ని కప్పుకోలేదు. అది అతనిది కాదు.

నెల కిందట తుహినవతి యువరాజు మణిధ్వజుడు పదహారుమంది పరివారంతో వేటకు వచ్చి ఈ కొండదారిలోనే మాయమయ్యాడు. దారికి అడ్డంగా కూర్చుని జపం చేసుకుంటున్న మాంత్రికుడు వక్రఘోణుడికి, ఆస్థాన మర్యాదాధికారి శిష్టభట్టు మర్యాద నేర్పబోయాడట. “యువరాజులవారు వేంచేస్తున్నారు. లేచి, పది అడుగులు వెనక్కి వేసి, కుడిమోకాలు నేలకు ఆనించి...” అనేంతలోనే పదిహేడుమందీ పశుపక్ష్యాదులైపోయారు. ఆ లెక్కలో చేరని గుర్రాలవాడొక్కడు వెనకబడి రావడంతో తప్పించుకుని వచ్చి ఈ కబురు చెప్పాడు. ఎవరెవరు ఏమేమయ్యారని మంత్రులు అడిగితే, “భయంతో కళ్ళు మూసుకున్నాను ప్రభూ” అన్నాడు. నిజాయితీపరుడే, ఏం లాభం?

యువరాజు తల్లి పురిట్లోనే పోతే, పాలిచ్చి పెంచినది గంగులు తల్లి ఈరమ్మ. పదేళ్ళు వచ్చేదాకా మణిధ్వజుడు అంతఃపురంలో కన్నా ఈరమ్మ మందలోనే ఎక్కువగా ఉన్నాడు. కబురు విన్న రోజు నుంచి ఈరమ్మ ఒంటిమీద గొంగడి లేదు. ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన దుప్పట్లన్నీ మడిచి మూలన పెట్టింది.

“నా కొడుకు చలిల ఉన్నడు. నాకు గొంగడెందుకు?” అంది.

“నీ కొడుకును నేను ఈడనే ఉన్న గదనే!” అన్నాడు గంగులు.

“ఇంకో కొడుకు,” అంది ఈరమ్మ. తన గొంగడి తీసి అతని చేతిలో పెట్టింది. “ఇది వానికి కప్పు. కప్పినవని నాకు తెలిసినంకనే నేను కప్పుకుంట.”

అప్పటికే ఆమెకు దగ్గు పట్టుకుంది, పెదవులు నీలం తిరిగాయి. ఇంకో పది రోజులు ఇలాగే కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి వైద్యుడు అక్కర్లేదు. గంగులుకు అమ్మ మొండితనం మీద కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది. రెండింటినీ దిగమింగి, పశువుల మధ్యకు పోవడానికి వైద్యుడి వేషమే మేలని గడ్డం అంటించుకుని ఆ పూటే కొండ ఎక్కాడు.

కొండ మలుపులో ఒక దేవదారు చెట్టుకు పలక వేలాడుతోంది. దానిమీద ఎర్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: “పశువుల చలిబాధ ఎరిగినవారు కావలెను. భోజనం, వసతి గలవు. వీరులు, సాహసికులు, రాజకుమార్తెలను ప్రేమించినవారు దయచేసి రావద్దు.”

గంగులు పలకను రెండుసార్లు చదివాడు. తాను ఏ రాజకుమార్తెనూ ప్రేమించలేదు కనుక ధైర్యంగా ముందుకు నడిచాడు.

వక్రఘోణుడి కోటద్వారాన్ని చూస్తేనే గుండె ఆగాలని కట్టారు. ఇరువైపులా నోళ్ళు తెరిచిన రాతి శరభాలు, పైన పుర్రెల తోరణం, నడుమ నాగబంధం బిగించిన ఇనుప తలుపులు. కాని శరభాల ముక్కుల నుంచి మంచు బారెడేసి పొడుగున వేలాడుతోంది. అవీ తనలాగే జలుబుతో తీసుకుంటున్నాయనిపించి గంగులుకు భయం సగం తగ్గింది. తలుపు తట్టాడు.

ఏడు శాలువలు చుట్టుకున్న ఒక ఆకారం తలుపు తెరిచింది.

“భూతప్రేతపిశాచగణ చక్రవర్తి, అష్టదిగ్బంధన ధురంధరుడు అయిన ఈ వక్రఘోణుడి వాకిలి తట్టిన మూర్ఖుడె... మ్మే... మూర్ఖుడెవడు?”

“పశువుల వైద్యున్ని సామీ. పలక జూసి వచ్చిన.”

“వచ్చావా నాయనా!” చక్రవర్తిగారి గొంతు ఒక్కసారిగా మేనత్త గొంతయింది. “లోపలికి రా. ముందు ఆ తలుపు వేయి, గాలి కొడుతోంది.”

లోపల కుంపటి ముందు కూలబడి వక్రఘోణుడు తన గోడు వెళ్ళబోసుకున్నాడు. గురువు విద్య నేర్పాడు గాని, పోతూ పోతూ దానికొక శాపం తగిలించాడు. ఇతని మంత్రంతో పశువైన ప్రాణి ఇతని పంచన చలికో మరో బాధకో కూలబడితే, ఆ ప్రాణి అవయవం ఒకటి ఇతనికి వచ్చేస్తుంది. మొన్న మేకపోతు కూలబడింది. వక్రఘోణుడు శాలువ కిందకి లాగి, గాలికి ఊగుతున్న మేకగడ్డం చూపించాడు. నిన్న కొంగ కూలబడింది. శాలువ పైకెత్తాడు. కింద రెండు కొంగకాళ్ళు, సన్నగా, ఎర్రగా, మోకాళ్ళు వెనక్కి వంగి ఉన్నాయి.

“ఇంకా పదిహేను మిగిలాయి,” అని కళ్ళు తుడుచుకున్నాడు. “అందులో దున్నపోతు కూడా ఉంది, వైద్యుడా!”

“మల్ల మనుషులను జేసి తోలెయ్యరాదా సామీ? పీడ వోతది.”

“మరి నా పరువో? నోటికొచ్చిన మంత్రం వేసి, చలి పుట్టగానే వెనక్కి తీసుకున్నాడని తోటి మాంత్రికులు నవ్వరూ?” అన్నాడు వక్రఘోణుడు. తర్వాత గంగులు గడ్డం వంక ఆశగా చూశాడు. “నీ గడ్డం ఎంత నిండుగా ఉందయ్యా! నాకు వచ్చింది చూడు, పుల్ల మీద పీచులా.”

ఆ మాట వింటూనే గంగులు మనసులో ఒక ఆలోచన మెరిసింది. తాను ఏమీ చేయనక్కర్లేదు. రెండు రోజులు చేతులు కట్టుకు కూర్చుంటే పశువులన్నీ కూలబడతాయి, వక్రఘోణుడు పదిహేడు అవయవాల వింతమృగమై మంత్రం నోరు తిరగక చస్తాడు. మంచి ఉపాయమే. కాని ఎదురుగా పశువు వణుకుతుంటే చేతులు కట్టుకు కూర్చోవడం గంగులు వంశంలో ఎవరికీ చేతకాదు. ఆ పశువుల్లో ఒకటి మణిధ్వజుడు కూడాను.

“ఒకే ఒక నియమం,” అన్నాడు వక్రఘోణుడు వేలెత్తి. “పశువులను పేరు పెట్టి పిలవరాదు. ముద్దుపేర్లు పెట్టే అలవాటుంటే ఇక్కడే మానుకో. ఎందుకంటావా? వాటిలో దేనికైనా దాని సొంత ఇంటి నుంచి వచ్చిన దుప్పటి కప్పి, నుదుటి మీద చెయ్యి వేసి, సొంత పేరుతో పిలిచావో, మంత్రం విడిపోతుంది. పేరు తప్పితే పిలిచినవాడూ అదే పశువై పక్కన నిలబడతాడు. అందుచేత ఈ రహస్యం ఎవరికీ చెప్పకు.”

“చెప్ప సామీ,” అన్నాడు గంగులు. భుజాన ఉన్న గొంగడిని కాస్త వెనక్కి తోసుకున్నాడు. మంత్రశాస్త్రం అంతా చదివినవాడికి నోరు కట్టుకోవడం ఒక్కటి రాలేదే అనుకున్నాడు.

దొడ్లోకి అడుగు పెట్టగానే గంగులు తాను వచ్చిన పని మరిచిపోయాడు. తొట్టిలో నీళ్ళు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. కింద పరిచిన గడ్డి తడిసి కుళ్ళింది. ఉత్తరం వైపు గోడే లేదు. పశువుల వీపుల మీద మంచు పేరుకుంది. అతనికి ఒళ్ళు మండిపోయింది.

“ఇది దొడ్డా, శ్మశానమా? గీ నీళ్ళు పశువులు తాగుతయా, నాకుతయా? తడిగడ్డి మీద పండుకుంటే నీకు పానం ఉంటదా? ఏం మాంత్రికునివయ్యా నువ్వు!”

భూతప్రేతపిశాచగణ చక్రవర్తి తల వంచుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు గురువు తిట్టిన తర్వాత మళ్ళీ ఎవరూ తిట్టలేదు.

“నిలవడి జూస్తవేంది? గడ్డి తీస్కరా, పొడిగడ్డి! తడకలు ఉన్నయా? గోనెసంచులు?”

మధ్యాహ్నం దాకా దొడ్డి దద్దరిల్లింది. వక్రఘోణుడు కొంగకాళ్ళతో టకటకా పరుగెత్తుతూ గడ్డిమోపులు మోశాడు. గంగులు ఉత్తరం గాలికి తడకలు కట్టాడు, ఊపిరి తేమ పోవడానికి పైన జానెడు సందు వదిలాడు. “మొత్తం మూసేస్తివా, లోపల చెమ్మ పట్టి దగ్గు లేస్తది,” అని మాంత్రికుడికి వివరించాడు. గోనెసంచులు విప్పి, వీపు మీద కప్పి, కడుపు కింద ముడివేసేలా పట్టాలు కుట్టాడు. డెక్కలు పగిలినవాటికి ఆముదం రాశాడు. ఉడికించిన ఉలవల్లో బెల్లం కలిపి పెట్టాడు. తొట్టిలో నీళ్ళు గోరువెచ్చగా ఉండాలనీ, గంటకోసారి చెయ్యి పెట్టి చూడాలనీ చెప్తే, వక్రఘోణుడు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ మననం చేశాడు.

నీళ్ళు కాచడానికి పొయ్యి ఏదని అడిగితే మాంత్రికుడు హోమగుండం చూపించాడు. ఆరడుగుల లోతు, నాలుగు వైపులా కపాలాలు చెక్కిన నల్లరాతి గుండం. వక్రఘోణుడు కట్టెలు పేర్చబోతుంటే గంగులు చేతికర్రతో గుండం అంచు మీద దడదడా నాలుగు దెబ్బలు వేశాడు.

“పవిత్ర హోమగుండాన్ని కర్రతో కొట్టుదువా!” అని మాంత్రికుడు మీదికొచ్చాడు.

అంతలో వెచ్చటి బూడిదలోంచి ఒక పిల్లి లేచింది. ఒళ్ళంతా బూడిద, కళ్ళు మాత్రం పచ్చగా. ఒకసారి ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, ఇద్దరి మధ్య నుంచి హుందాగా నడిచిపోయింది.

“చలికాలం పొయ్యి అంటిచ్చే ముందు నాలుగు దెబ్బలు ఏసుడు మా ఇంట్ల అలవాటు,” అన్నాడు గంగులు. “ఎచ్చగున్న జాగల ఏదో ఒక జీవి పండుకోనే ఉంటది.”

వక్రఘోణుడి మొహం తెల్లబోయింది. పిల్లి కాలిపోయి ఉంటే తనకు మీసాలు వచ్చేవో, తోక వచ్చేదో! ఆ ఊహకే వణికి, గంగులు కాళ్ళకు మొక్కబోయి, అంతలో తానెవరో గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఇంత చేసినా గంగులుకు తలనొప్పి తగ్గలేదు. పశువులు దగ్గర దగ్గరగా పడుకోవడం లేదు. చలిలో ఏ పశువుకైనా పక్క పశువే దుప్పటి. ఇవి మాత్రం అడుగేసి దూరంలో, రెండు వరసల్లో, మెడలు నిక్కించి నిలబడ్డాయి. దున్నపోతును తోసి మేకపోతు పక్కకు చేరిస్తే, అది రుసరుసలాడుతూ తిరిగి తన చోటికి వెళ్ళింది. మేకపోతు దీన్ని అవమానంగా భావించి గంగులు గడ్డం పట్టుకుని సగం నమిలింది.

“అదేమిటి, గడ్డం సగమే ఉంది?” అన్నాడు అప్పుడే నీళ్ళు తెచ్చిన వక్రఘోణుడు.

“చలికి రాలింది సామీ. ముసలోల్లకు రాల్తది.”

“నాదీ రాలితే బాగుండును,” అని నిట్టూర్చి మాంత్రికుడు వెళ్ళిపోయాడు.

గంగులు మళ్ళీ ఆ వరసల వంక చూశాడు. ఎక్కడో చూసిన వరసలే. చప్పున వెలిగింది. దర్బారు! చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని చూసిన తుహినవతి దర్బారు. కుడివైపు సేనాపతి, ఎడమవైపు మంత్రి, వారి వెనక అధికారులు, చిట్టచివర ఒంటికాలి మీద పిలుపు కోసం కాచుకునే వార్తాహరుడు. దున్నపోతు సేనాపతి స్థానంలో ఉంది. మేకపోతు మంత్రి చోట. ఆ చివర ఒంటికాలి మీద నిలబడింది కొంగ! నాలుగు కాళ్ళు వచ్చినా, రెక్కలు వచ్చినా, ప్రాణాలు పోతున్నా, వీళ్ళ హోదాలు మాత్రం పోలేదు.

అందరికన్నా ముందు, గాలి ఎక్కువగా కొట్టే చోట, ఒక తెల్లగుర్రం నిలబడి ఉంది. పొడవాటి జూలు, పాలనురుగు రంగు, గర్వంగా ఎత్తిన మెడ. గోనెపట్టా తన అంతస్తుకు తగదని పళ్ళతో ఊడబెరికి పక్కన పడేసింది. అందరికన్నా ముందు నిలబడేది యువరాజు కాక ఇంకెవరు?

వరసల్లో పదిహేను. బూడిదలోంచి లేచిన పిల్లి పదహారు. పదిహేడోది ఎక్కడ? గంగులు మూడుసార్లు లెక్కపెట్టాడు. కాపరికి లెక్క తప్పడం కన్నా సిగ్గుచేటు లేదు. అయినా గుర్రం దొరికాక మిగతాదాని సంగతి ఎందుకని ఊరుకున్నాడు.

అప్పుడు ధూమ్రగిరి మీద గాలి తిరిగింది. మూడో జాము కూడా కాకముందే ఆకాశం సీసం రంగులోకి మారింది. మంచుతుఫాను! తడకలు ఈలలు వేశాయి, దేవదారు కొమ్మలు ఫెళఫెళా విరిగాయి, దొడ్లో ఎదురుగా ఉన్న పశువు కనపడనంత మంచు ఊడిపడింది. వక్రఘోణుడు మూడు శాలువలు ముఖానికి చుట్టుకుని లోపలికి పరుగెత్తాడు. గంగులుకు ఇంతకన్నా మంచి అదను దొరకదు.

భుజం మీది గొంగడి విప్పి తెల్లగుర్రం దగ్గరికి వెళ్ళాడు. వీపు మీద కప్పాడు. నుదుటి మీద చెయ్యి వేశాడు.

“మణి...”

గుర్రం కుడికాలు ముందుకు చాచి, మూడుసార్లు తల వంచి, గొంగడి అంచు ఎడమవైపు కన్నా కుడివైపు రెండంగుళాలు ఎక్కువ వేలాడుతోందని చూసి, అసహనంగా మూతి విరిచింది.

గంగులు నాలుక మీదికొచ్చిన పేరును గొంతులోకి లాక్కున్నాడు. ఒంట్లో చెమట పట్టింది, ఆ చలిలో! మణిధ్వజుడు జన్మలో ఏ అంచూ చూసుకుని ఎరగడు. చెప్పులు కూడా ఎడమది కుడికి వేసుకుంటాడు. ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచేది యువరాజు కాదు, యువరాజు వస్తున్నాడని అరిచేవాడు. ఇది శిష్టభట్టు! ఇంకో రెండక్షరాలు పలికి ఉంటే దొడ్లో రెండు గుర్రాలు ఉండేవి.

గొంగడి లాక్కుని గంగులు మంచులో పిచ్చివాడిలా తిరిగాడు. దున్నపోతా? కుక్కా? ఎలుగుబంటా? అంతలో దొడ్డి ఆ మూల నుంచి గొర్రెపిల్ల అరుపు వినిపించింది. ఆ మూలన వక్రఘోణుడి సొంత గొర్రెలు ఇరవై దాకా ఉన్నాయి. అవి అసలైన గొర్రెలు. వాటికి దర్బారు తెలియదు కనుక ఒకదాన్నొకటి హత్తుకుని హాయిగా పడుకున్నాయి. అయినా కాపరి మనసు ఊరుకోదు, పిల్లలకు గాలి తగులుతుందేమో చూద్దామని వెళ్ళాడు.

పిల్లలకు గాలి తగలడం లేదు. మందకు ఉత్తరం వైపు ఒక గాడిద పడుకుని ఉంది. బక్కది, చెవి ఒకటి చిరిగింది. పొద్దున గంగులు దాన్ని బరువులు మోసే గాడిద అనుకుని లెక్కలోకే తీసుకోలేదు. వీపు గాలికి ఇచ్చి, నాలుగు కాళ్ళూ లోపలికి ముడిచి, ఆ కాళ్ళ మధ్య రెండు గొర్రెపిల్లలను దాచుకుని పడుకుంది. దాని వీపు మీద మంచు జానెడు మందాన పేరుకుంది.

గంగులు అలాగే నిలబడిపోయాడు. చలిలో ఏ జంతువైనా మంద నడుమకు దూరాలని చూస్తుంది. గాడిదైనా అంతే. కావాలని గాలివైపు వెళ్ళి పడుకునేది లోకంలో ఒక్కడే ఉంటాడు, కాపరి. పిల్లలను నడుమ వేసి, గాలివైపు తాను పడుకోవాలని ఈరమ్మ ఇద్దరు కొడుకులకూ నేర్పింది. ఎవరు గాలివైపు పడుకోవాలని ఇద్దరూ రోజూ కొట్టుకునేవాళ్ళు.

గంగులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సగం గడ్డం ఊడబీకి పారేశాడు. గాడిద వీపు మీది మంచు దులిపి, ఈరమ్మ గొంగడి కప్పి, నుదుటి మీద చెయ్యి వేశాడు.

“మణిధ్వజా! ఒరే మణీ!”

గాడిద వణికింది. మెరుపు లేదు, ఉరుము లేదు. గొంగడి కింద ఒళ్ళు మాత్రం మెల్లగా మారింది. కాళ్ళు చేతులయ్యాయి, మూతి ముఖమయింది. చెవులు కాస్త ఆలస్యంగా తగ్గాయి. తుహినవతి యువరాజు గొంగడి చుట్టుకుని, ఒడిలో రెండు గొర్రెపిల్లలతో, పళ్ళు టకటక కొట్టుకుంటూ లేచి కూర్చున్నాడు.

“అమ్మ గొంగడి గదరా ఇది!” అన్నాడు మణిధ్వజుడు. ఒక్కక్షణం ఆగి, “మరి అమ్మ ఏం కప్పుకున్నది?” అని అడిగాడు.

“నీకు కప్పినంకనే కప్పుకుంటదంట,” అన్నాడు గంగులు.

యువరాజు ముఖం పాలిపోయింది. ఇంకో మాట మాట్లాడేలోగా కోటలోపల నుంచి గోడలు అదిరేటంత తుమ్ము వినిపించింది. మంత్రం విడిపోయిన ప్రతిసారీ వక్రఘోణుడికి తుమ్ము వస్తుంది. తలుపు ఫడాలున తెరుచుకుంది.

“వైద్యుడా! నీ మిగతా గడ్డం ఏది? ఆ పక్కనున్నదెవడు? ద్రోహీ! నిన్నిప్పుడే ఎండ్రకాయను చేస్తాను!” వక్రఘోణుడు రెండు చేతులూ ఎత్తాడు. వేళ్ళ చివర నీలిమంటలు లేచాయి. “ఓం హ్రాం హ్రీం ఘోర ఘోరతర...”

సరిగ్గా అప్పుడు దొడ్డి ముందు వరసలో దబ్బున ఏదో పడింది. గోనెపట్టా వద్దన్న తెల్లగుర్రం, అదే శిష్టభట్టు, మర్యాద తప్పకుండా ముందు కుడికాలు మడిచి చలికి కూలిపోయింది.

“...ఇహిహిహీ!” అన్నాడు వక్రఘోణుడు. ఉలిక్కిపడి మూతి తడుముకున్నాడు. మూతి మూరెడుంది. పళ్ళు పలుగురాళ్ళంత ఉన్నాయి. మళ్ళీ మంత్రం అందుకున్నాడు. మళ్ళీ సకిలించాడు. నీలిమంటలు తుస్సుమన్నాయి. మాంత్రికుడు కాలు నేలకేసి తన్ని, లోపలికి పరుగెత్తి, గుప్పెడు బూడిదా ఒక తాటాకు గొడుగూ పట్టుకొచ్చాడు. నోరు పోతే పోయింది, చెయ్యి ఉంది. మంచు మీద బూడిదతో యంత్రం గీయడం మొదలుపెట్టాడు. దాని ఆరు కోణాలూ పూర్తయితే నోటితో పనిలేకుండానే మంత్రం పారుతుంది. గీసిన గీతను గీసినట్టే మంచు కప్పేస్తుంటే, ఒక చేత్తో గొడుగు పట్టి రెండో చేత్తో గీస్తూ, ఎవరికీ అర్థం కాని తిట్లు సకిలిస్తున్నాడు.

“వాకిలి తెరిచే ఉన్నది. ఉరుకుదాం పా!” అన్నాడు గంగులు, యువరాజు చెయ్యి పట్టి లాగుతూ. “అమ్మ ఎదురుచూస్తున్నది.”

మణిధ్వజుడు వాకిలి వంక చూశాడు. కూలిపోయిన గుర్రం వంక చూశాడు. దాని డొక్కలు ఇంకా కదులుతున్నాయి.

“ఈన్ని ఇడిసిపెట్టి పోయినా అని చెప్తే, అమ్మ నన్ను ఇంట్లకు రానిస్తదా?”

రానివ్వదని ఇద్దరికీ తెలుసు.

యువరాజు గొంగడి అంచు నుంచి ఈరమ్మ నల్లపోగుతో వేసిన ముడి ఒకటి తెంపాడు. వరస చివర ఒంటికాలి మీద నిలబడిన కొంగను పిలిచి దాని కాలికి కట్టాడు. “గొర్లోల్ల ఈరమ్మకు ఇయ్యాలె. తన ముడి తనకు తెలుస్తది. కప్పినమని తెలుస్తది.” వార్తాహరుడు మూడుసార్లు వంగి దండం పెట్టాడు. “దండాలు తర్వాత, పో!” అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. కొంగ గాలిని చీల్చుకుంటూ కోటగోడ దాటి, తెల్లటి మంచులో తెల్లగా కలిసిపోయింది.

తర్వాత మణిధ్వజుడు అమ్మ గొంగడి తీసి గుర్రానికి కప్పాడు. తాను పక్కన పడివున్న గోనెపట్టా చుట్టుకుని, దాని పక్కనే నేలమీద పడుకున్నాడు. దొడ్లో కలకలం రేగింది. యువరాజు పడుకుని ఉండగా నిలబడడం తుహినవతి మర్యాద కాదు. దున్నపోతు దబ్బున చతికిలబడింది. మేకపోతు దాని డొక్కలోకి ఒదిగింది. ఎలుగుబంటి, కుక్క, రెండు నెమళ్ళు, చివరికి పిల్లి కూడా వచ్చి చేరాయి. యువరాజుకు అడుగు దూరంలో ఆగిపోయాయి. “దగ్గరికి రండ్రి, ఇది ఆజ్ఞ!” అన్నాడతను. పొద్దుటి నుంచి గంగులు బతిమాలినా కానిది ఒక్క మాటతో అయిపోయింది. అన్నీ ఒకే కుప్పగా ముడుచుకున్నాయి. గుర్రం చెవి ఒకటి కదిలింది.

తడక ఒకటి ఊడి గాలికి ఎగిరిపోయింది. ఉత్తరం గాలి కత్తిలా లోపలికి దూసుకొచ్చింది. అవతల వక్రఘోణుడి యంత్రంలో ఆరు కోణాలకు నాలుగు పూర్తయ్యాయి. యంత్రం కన్నా గాలే ముందు చంపుతుందని గంగులు వచ్చి యువరాజును భుజంతో నెట్టాడు.

“జరుగు. గాలివైపు నాది.”

“నేను యువరాజును!”

“పన్నెండు రోజులు పెద్దోన్ని. జరుగు.”

ఐదో కోణం పూర్తయింది. మణిధ్వజుడు ఒక్క క్షణం మొరాయించి, లోపలికి జరిగాడు.